మా గల్లీకి బందరు రేవుతో చుట్టరికం

మా అమ్మ పుట్టిల్లు బందరు. యాభై ఏళ్లు హైదరాబాదు యాకుత్‌పురాలో కాపురం చేసినా, మా ఊళ్లో అయితే సముద్రం ఉందనేది. ఆ సముద్రం ఈ ఊరిది కూడానని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా పక్కనే తలాబ్‌కట్ట, మీర్ జుమ్లా చెరువు. మీర్ జుమ్లా అన్నది పదవితో వచ్చే బిరుదు. దాన్ని మోసినవాళ్లలో అందరికన్నా పేరుపడ్డ మహమ్మద్ సయ్యద్, ఆ పదవికి ఎదగకముందు మచిలీపట్నం, అంటే మా బందరు, హవల్దారు. గోల్కొండ సుల్తాను తరఫున రేవు ఆయన చేతిలో ఉండేది. పర్షియా గుర్రాలు అక్కడే దిగేవి. పెగూ నుంచి కెంపులొచ్చేవి. మా పేట పేరులోని యాకూత్ అంటే కెంపే. మన కలంకారీ అద్దకాలు అక్కడే ఓడలెక్కేవి. సుల్తాను ఓడలు హజ్ యాత్రికులతో ఎర్రసముద్రం దాకా వెళ్లేవి. డచ్చివాళ్లు ముందే వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు కొఠీ తెరిచారు. పారశీకంలో బందర్ అంటే రేవు. ఆ మాటే ఊరి పేరై నిలిచింది.

1759లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల నుంచి బందరు కోటను పట్టుకున్నాడు. ఆ ఏడాదే హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ ఊరిని ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. హైదరాబాదు సముద్రం అలా పోయింది.

తర్వాత 1864 ఉప్పెన. నవంబరు 1 రాత్రి ముప్పై వేల మంది దాకా కొట్టుకుపోయారు. మా అమ్మమ్మ ఆ మాట గొంతు తగ్గించి చెప్పేది.

కానీ బందరును చంపింది ఉప్పెన కాదని నా నమ్మకం. లోతు లేకపోవడం చంపింది. కృష్ణ తెచ్చే ఒండ్రుతో తీరం మెరక. పెద్ద ఓడలు మైళ్ల దూరాన లంగరేస్తే సరుకు పడవల మీద రావాలి. తెరచాప ఓడల నాడు అది చెల్లింది, ఆవిరి ఓడలకు చెల్లలేదు. విశాఖలో అయితే డాల్ఫిన్స్ నోస్ కొండ చాటుంది. జానస్, వెలెస్డన్ అనే రెండు పాత ఓడల్ని ముంచి అలలకు అడ్డుకట్టగా వేశారు, కాలువ లోతుగా తవ్వారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికొచ్చింది. మధ్యపరగణాల మాంగనీసుకు అదే దారి అయింది.

2023 మేలో బందరు దగ్గర తపసిపూడిలో కొత్త రేవుకు శంకుస్థాపన జరిగింది. ఈసారి సముద్రాన్ని తవ్వి లోతు చేస్తున్నారు. అమ్మ అది చూడలేదు. పాతబస్తీ పంతుళ్లకు నా విన్నపం ఒక్కటే: గోల్కొండ వజ్రాల గురించి చెప్పేటప్పుడు పిల్లలకు బందరు ఓడల గురించి కూడా చెప్పండి.