ఇంట్లో తయారైన నవలలు

ఏ ప్రచురణకర్తా వేయని పుస్తకాలు ఒకప్పుడు తెలుగిళ్ళలో తయారయ్యేవి. వారపత్రికలో సీరియల్ నడిచినన్నాళ్ళూ ఆ పేజీలు తీసి దాచి, అయిపోయాక బైండు చేయించుకునేవాళ్ళు. మా అమ్మ పత్రిక మధ్యలో పిన్నులు గోటితో పైకి లేపి, కాయితం చిరగకుండా సీరియల్ పేజీలు విడదీసి, వారాల వరసన పరుపు కింద పెట్టేది. ఆఖరి భాగం రాగానే కట్ట బైండింగు షాపుకి వెళ్ళేది. అక్కడ దారంతో కుట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో అట్టలంటించి, వెన్నుకి గుడ్డ వేసి ఇచ్చేవారు. పేరు మాత్రం అమ్మే రాసుకునేది.

కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగానే మొదలుపెట్టారు. ఆ తర్వాత వచ్చిన వార, మాస పత్రికలు సీరియల్‌ని ఇంటింటికీ అలవాటు చేశాయి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ని జ్యోతి మాసపత్రికలో, యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ని ఆంధ్రభూమి వారపత్రికలో జనం మొదట సీరియల్‌గానే చదివారు. నవల తర్వాత పుస్తకంగా వచ్చినా బైండు చేయించుకోవడం మానలేదు. ఖర్చు కలిసిరావడం ఒక కారణం, బొమ్మలు ఇంకో కారణం. బాపు లాంటివారు వారం వారం వేసిన బొమ్మలు సాధారణంగా అచ్చు నవలలోకి వచ్చేవి కావు. పేజీ వెనక వైపు కూడా తక్కువదేమీ కాదు. ఆంధ్రప్రభ పేజీ తిప్పితే మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ శీర్షికలో ఎవరికో ఇచ్చిన సగం జవాబు, పక్కన సబ్బు ప్రకటన, సినిమా ప్రకటన. ఆ కాలపు ఆడవాళ్ళు ఏం అడిగారో, ఏం కొన్నారో ఇంత దగ్గరగా చూపించే కాయితాలు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఈ కట్టలు ఇల్లు దాటి బయటికి వచ్చింది టీవీ వచ్చాకే. సాయంత్రాలు టీవీకి పోయాయి, అద్దె పుస్తకాల షాపులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, పెంకుటిళ్ళ అటకల మీది సామాను అపార్టుమెంట్లలో పట్టలేదు. తూకానికి పోయినవి పోగా మిగిలినవి విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులకీ, హైదరాబాదులో కోఠీకీ, ఆబిడ్స్‌కీ చేరాయి. ఆరో నిజాం కొలువులోని ఆల్బర్ట్ ఆబిద్ నడిపిన దుకాణం వల్ల ఆ పేరొచ్చిన ఆబిడ్స్‌లో, ఆదివారం షాపులు మూసి ఉన్నప్పుడు వాటి ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు. అట్ట మీద పేరు చెరిగిపోయిన కట్టని అక్కడ అమ్మే అతను మధ్యకి తెరిచి, బొమ్మ చూసి, రెండు లైన్లు చదివి, ‘ఇది ఫలానావారిదండీ, మొదటి రెండు వారాలు లేవు’ అని చెప్పగలడు. ఆ చదువు ఏ కాలేజీలోనూ చెప్పరు.

ఆన్‌లైన్ అమ్మకాలు మేలు చేయలేదని నేననను. పేరు తెలిసిన పాత పుస్తకం కోసం ఊరూరా తిరగక్కర్లేదు. 1991 తర్వాత ఆగిపోయిన సోవియట్ తెలుగు అనువాదాలు ఇప్పటికీ ఒక ఊళ్ళో ఫొటో పెడితే ఇంకో ఊళ్ళోవారు కొరియర్‌లో తెప్పించుకుంటున్నారు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకైతే ఇది పెద్ద వరం. కానీ ఆన్‌లైన్‌లో ఏది దొరకాలన్నా ముందు దానికో పేరుండాలి. పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు ఐఎస్‌బీఎన్‌ని మన దేశంలో ఇవ్వడం మొదలైందే 1985లో. అంతకు ముందటి తెలుగు పుస్తకాలకి ఆ నంబరు లేదు. ఇంట్లో దాచి బైండు చేయించిన సీరియల్‌కైతే ప్రచురణకర్త, సంవత్సరం, ఒక్కోసారి మొదటి పేజీ కూడా ఉండవు. వెతికేవాడికి అది కనిపించదు, అమ్మేవాడికి దాన్ని ఏమని పెట్టాలో తెలియదు. ఏం కావాలో తెలిసినవాడికి ఆన్‌లైన్ చాలు. ఉన్నట్టే తెలియనిది చేతికి రావాలంటే షాపులో కూర్చుని కట్టలు విప్పాల్సిందే. మన సీరియళ్ళ చరిత్రలో చాలా భాగం ఆ రెండో రకంలోనే ఉంది.

అందుకే మీకో మాట. అటక మీద అలాంటి కట్ట ఉంటే పాత పేపర్లతో కలిపి తూకానికి వేయకండి. ఏ సీరియలో, ఏ పత్రికలో వచ్చిందో, సుమారుగా ఏ సంవత్సరమో, ఎవరు బైండు చేయించారో ఒక చీటీ మీద రాసి లోపల పెట్టండి. తర్వాత మీ ఊరి పాత పుస్తకాల షాపులో ఇవ్వండి, లేదా ఫొటో తీసి ఆన్‌లైన్‌లో పెట్టండి. ఆ చీటీ ఉంటే రెండు చోట్లా దానికి విలువ ఉంటుంది.