గ్రాసిలేరియా: ఒక ఎఱ్ఱ శైవలపు అంతర్నిర్మాణము, నామచరిత్ర

తమిళనాట మండపము, రామేశ్వరముల తీరమునందలి జాలరి స్త్రీలు కంజి పాసి యని పిలుచు నొక ఎఱ్ఱ శైవలము కలదు. నీటిలో మునిగి, చేతితో తెంచి, ఎండబెట్టి అమ్మెడు ఈ పాచినుండి అగరు అను జిగట పదార్థమును తీయుదురు. తీరవాసులకు అది నేటికిని కంజి పాసియే. శాస్త్రజ్ఞులిడిన పేరు మాత్రము రెండున్నర శతాబ్దములలో పలుమారులు మారినది. ఆ మార్పులకు ముఖ్యకారణము మొక్క వెలుపల గాక లోపల నున్నది.

1768లో గ్మెలిన్ దీనిని ఫ్యూకస్ ఎడ్యులిస్ అని వర్ణించెను. ఆనాడు సముద్రపు పాచులలో అధికభాగము ఫ్యూకస్ ప్రజాతిలోనే చేర్చబడుచుండెను. 1830లో గ్రెవిల్ అను పండితుడు గ్రాసిలేరియా ప్రజాతిని స్థాపించెను. ఆ పేరునకు మూలమైన లాటిను పదమునకు సన్ననిది యని అర్థము. 1952లో సిల్వా ఈ జాతికి గ్రాసిలేరియా ఎడ్యులిస్ అను పేరిడెను. అంతకుముందు గ్రాసిలేరియా లైకెనాయిడెస్ అను పేరు వాడుకలో నుండెను.

ఈ మొక్కకు నిజమైన వేరు, కాండము, ఆకు లేవు. కొమ్మను అడ్డముగ కోసి సూక్ష్మదర్శినిలో చూచినచో, నడుమ పెద్దవియు వర్ణరహితములు నగు కణములతో దవ్వయు, దాని చుట్టును చిన్నవియు రంగుగలవియు నగు కణములతో వల్కలమును కనబడును. ఎఱుపునకు కారణము ఫైకోఎరిత్రిన్. పురుష మొక్క, స్త్రీ మొక్క, నాలుగేసి సిద్ధబీజముల నిచ్చు మొక్క వేరువేరుగ నుండును. మూడును పైకి ఒకే తీరున నుండును. పురుషకణములకు ఈదుశక్తి లేదు. నీటి కదలిక వానిని స్త్రీ మొక్కకు చేర్చును. ఫలదీకరణానంతరము స్త్రీ మొక్కపై సిస్టోకార్పులను గుండ్రని బొడిపెలు లేచును.

అలల తాకిడి, వెలుతురు, లోతులనుబట్టి ఒకే జాతి పలు రూపములు దాల్చును. కావున వర్గీకరణమునకు ఆ బొడిపెల లోపలి నిర్మాణమును, పురుషకణములు పుట్టు గుంటల ఆకృతియును ఆధారములైనవి. బొడిపెలోని కణజాలమును దాని గోడతో కలుపు పోషకతంతువులు లేని జాతులను 1949లో డాసన్ గ్రాసిలేరియాప్సిస్ అను ప్రజాతిగ వేరుచేసెను. 1967లో పాపెన్‌ఫస్ దానిని గ్రాసిలేరియాలో కలిపెను. 1989లో ఫ్రెడరిక్, హామర్‌సాండ్ పండితులు దానిని పునరుద్ధరించి, గ్రాసిలేరియేలీస్ అను ప్రత్యేక క్రమమును స్థాపించిరి. 2004లో జన్యు పరిశీలన ననుసరించి ఎడ్యులిస్ జాతి హైడ్రోపంటియా ప్రజాతికి మార్చబడెను. దానిని గ్రాసిలేరియాలోనే ఉంచవలెనను పండితులును కలరు.

ఈ చరిత్రలో తెలుగునేలకును స్థానము కలదు. శ్రీరాములుగారితో కలిసి విశాఖపట్టణ తీరపు శైవలములపై 1964లో పరిశోధనము వెలువరించిన ఎం. ఉమామహేశ్వరరావుగారు, పిదప మండపమున పనిచేసి, 1972లో భారత సముద్రముల గ్రాసిలేరియేసీ కుటుంబముపై సమగ్ర పత్రమును ప్రకటించిరి.

ఇది కేవలము పండితుల వివాదము కాదు. రెండవ ప్రపంచయుద్ధమున జపాను అగరు రాక నిలిచిపోగా భారతదేశము తన తీరములందే అగరును వెదకవలసివచ్చెను. అగరు గట్టిదనము జాతినిబట్టి మారును. 1986లో మన్నారు సింధుశాఖ ద్వీపములు జాతీయోద్యానముగ ప్రకటింపబడినవి. దేనిని, ఎక్కడ, ఎంత తెంపవచ్చునో నిర్ణయించుటకు ముందు, చేతిలోని పాచి ఏ జాతిదో తెలియవలెను. ఆ నిర్ణయముపైననే కంజి పాసిని నమ్ముకొన్న కుటుంబముల జీవనమును, ఆ పాచి మనుగడయును ఆధారపడియున్నవి.