ఉప్పు చిత్తడి దోమ

అమెరికా తూర్పు తీరంలో, సముద్రపు పోటు తడిపే గడ్డినేలల్లో పెరిగే దోమ ఇది. శాస్త్రనామం ఏడిస్ సొలిసిటాన్స్. దీన్ని అదుపు చేసే ప్రయత్నాలకు న్యూజెర్సీ చరిత్రలో పెద్ద చోటే ఉంది.

ఈ దోమ నీటి మీద గుడ్లు పెట్టదు, తడి బురద మీద పెడుతుంది. పున్నమికో అమావాస్యకో పెద్ద పోటు వచ్చి బురద మునిగితే గుడ్లు ఒక్కసారిగా పొదుగుతాయి. వేసవిలో వారం పది రోజులకే దోమలు గుంపులుగా లేస్తాయి, పట్టపగలే కుడతాయి.

దోమ కుట్టిన ఊళ్లోనే పుట్టిందని జనం నమ్మేవారు. ఆ నమ్మకాన్ని పోగొట్టినవాడు జాన్ బి. స్మిత్. నేడు తెలుగువాళ్లు ఎక్కువగా ఉంటున్న ఎడిసన్‌కు పొరుగునే, న్యూబ్రన్స్‌విక్‌లోని రట్గర్స్ కళాశాలలో ఆయన కీటకశాస్త్రం బోధించేవాడు. తీరంలో పుట్టిన దోమలు ఎన్నో మైళ్లు లోపలికి ఎగిరి వస్తాయని నిరూపించి, 1904లో సమగ్ర నివేదిక వెలువరించాడు. అంటే ఏ ఊరికా ఊరు గుంటలు పూడ్చుకుంటే సరిపోదు. 1912 చట్టంతో కౌంటీల్లో దోమల నిర్మూలన సంఘాలు ఏర్పడ్డాయి. నీరు నిలవకుండా చిత్తడుల్లో సన్నని కాలువలు తవ్వారు. 1930ల మాంద్యంలో నిరుద్యోగులకు పని చూపే పథకాల కింద ఈ తవ్వకం తీరమంతా పాకింది. దోమ పుట్టే గుంటలేవో చూసుకోకుండా వరసగా తవ్వుకుంటూ పోవడం తీరని నష్టం చేసింది. నీటిమడుగులు ఎండి, వాటిని నమ్ముకున్న పక్షులు చెదిరిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన డీడీటీ పురుగుమందు అంతకన్నా కీడు చేసింది. చేపలు తిని బతికే డేగల గుడ్లు పెంకు పలచబడి చితికిపోయాయి. 1972లో అమెరికా దాన్ని నిషేధించింది.

కుట్టి వేధించడం ఒక్కటే దీని కీడు కాదు. గుర్రాలనూ మనుషులనూ చంపే ఒక మెదడువాపు వైరస్‌ను 1933లో కనుగొన్నారు. మంచినీటి అడవి చిత్తడుల్లో వేరే దోమ దాన్ని పక్షుల మధ్య తిప్పుతుంది. పక్షినీ మనిషినీ కూడా కుట్టే ఉప్పు చిత్తడి దోమ దాన్ని ఊళ్లలోకి తెస్తుంది. 1959లో న్యూజెర్సీలో 30 మందికి పైగా ఈ జబ్బున పడితే, వారిలో 20 మందికి పైగా చనిపోయారు.

1960ల నుంచి దోమను అదుపు చేసే పద్ధతి మారింది. దోమ పుట్టే గుంటలను మాత్రమే లోతైన మడుగులతో కలుపుతారు. పోటుతో వచ్చే మమ్మిచాగ్ అనే చిన్న చేపలు లార్వాలను తినేస్తాయి. చేపలు చేరని చోట, 1976లో ఇజ్రాయెల్‌లో దొరికిన బీటీఐ బాక్టీరియా మందు చల్లుతారు. లార్వాలు నీటిలో ఉండే కొద్ది రోజుల్లోనే అది పనిచేస్తుంది కాబట్టి, పెద్ద పోటు తర్వాత ఆలస్యం లేకుండా సిబ్బంది చిత్తడుల్లో లార్వాల కోసం వెతకాలి.