చింతచెట్టు కింద చరిత్ర

చింతపండు లేనిదే మనకు పూట గడవదు. ఆస్ట్రేలియా ఉత్తరాన మారుమూలనున్న గ్రూట్ ఐలాండ్ తీరంలోనూ చింతచెట్లున్నాయంటే నమ్ముతారా? వాటిని తెచ్చిందెవరో తెలుసుకోవాలంటే అక్కడి రాళ్లను అడగాలి.

1803లో ఫ్లిండర్స్ అనే ఆంగ్ల నావికుడు పక్కనున్న కాజమ్ దీవిలో దిగాడు. రాతి చూరుల కింద తాబేళ్లు, చేతి గుర్తులు, ఒక కంగారూ వెనకాల వరసగా 32 మంది మనుషులు! ఆయన వెంట వచ్చిన చిత్రకారుడు వెస్టాల్ ఆ బొమ్మలకు నకళ్లు తీశాడు.

అయితే దీవివాసులైన అనిండిల్యాక్వా జనం తెరచాప పడవల బొమ్మలు కూడా గీశారు. అవి సులవేసి నుంచి ఏటా వానగాలికి వచ్చే మకస్సార్ వర్తకులవి. సముద్ర దోసకాయలనే జీవుల్ని పట్టి, ఉడికించి, ఎండబెట్టి చైనాకు అమ్మేవారు. చింతపండు వాళ్ల వంటకే వచ్చింది. 1907 నాటికి ప్రభుత్వం వాళ్ల రాకను ఆపించింది. పడవలు పోయాయి, బొమ్మలూ చెట్లూ మిగిలాయి.

వచ్చినవన్నీ చింతచెట్లు కావు. చెరకు పురుగుల్ని తింటాయని 1935లో ఆస్ట్రేలియాకు తెచ్చిన విషపు కప్పల్ని మింగి, క్వోల్ అనే చుక్కల జంతువులు అవతలి గడ్డ మీద ఎన్నో చోట్ల నశించాయి. సముద్రం అడ్డుండబట్టి ఈ దీవిలో బతికి బట్టకట్టాయి.

అక్కడ అడుగుపెట్టాలంటే ఆ నేలవాళ్ల అనుమతి కావాలి. చుట్టమైనా తలుపు తట్టే గదా రావాలి!