గడపయుఁ బొయ్యియు: ఆంధ్రదేశ గృహజనసంఖ్యా విచారము

ఆంధ్రదేశమున నొక గ్రామము పెద్దదో చిన్నదో చెప్పవలసినపుడు జనులు తలలను లెక్కింపరు, గడపలను లెక్కింతురు. నూఱు గడపల యూరు, ఏఁబది గడపల పల్లె యను మాటలు నేఁటికిని వాడుకలో నున్నవి. ఆ గ్రామమందే యన్నదమ్ములు వేఱుపడిరని చెప్పవలసినపుడు గడప మాట రాదు. పొయ్యి మాటయో కుండ మాటయో వచ్చును. పొయ్యి వేఱైన నాఁడే కాఁపురము వేఱైనట్లు లోకము తలఁచును. ఒక్క గడప లోపల రెండు మూఁడు పొయ్యిలుండవచ్చును. కావున నీ రెండు కొలతలు నొకటి గావు.

జనాభా లెక్కలలో 'ఇల్లు' అను పదమునకుఁ జెప్పఁబడిన యర్థము మొదట గడపను, తరువాతఁ బొయ్యిని ఆశ్రయించినది. ఈ మార్పును గుర్తింపక యంకెలను మాత్రమే చూచినచో, సమష్టికుటుంబము నూఱేండ్లకుఁ బైఁగా నిరంతరముగాఁ గూలిపోవుచున్నట్లు తోఁచును. ఆ తలంపు ఎంతవఱకు నిలుచునో పరీక్షింపవలసియున్నది.

ధర్మశాస్త్రకారులు ఈ భేదము నెఱిఁగియుండిరి. ఏకపాకముగా వసించువారికిఁ బితృదేవద్విజార్చన మొక్కటియే చాలుననియు, విభక్తులైనచో నది యింటింట వేఱువేఱుగా జరుగవలెననియు బృహస్పతి విధించెను. ఇచటఁ గుటుంబైక్యమునకు గుఱుతు వంట. మితాక్షరయందు దాయవిభాగ ప్రకరణమునకుఁ బ్రధానమైనది ధనము. పితామహార్జితమైన ద్రవ్యమునఁ గొడుకునకు జన్మముచేతనే స్వత్వము కలుగునని విజ్ఞానేశ్వరుని సిద్ధాంతము. 13వ శతాబ్దియందు మూలఘటిక కేతన యా గ్రంథమునే విజ్ఞానేశ్వరీయమను పేరఁ దెనిఁగించెను. వంటచే నొక్కటియైనవారు ధనముచే విభక్తులు కావచ్చును. ధనముచే నవిభక్తులైనవారు వేఱువేఱు పొయ్యిలపై వండుకొనవచ్చును. ధనైక్యము, పాకైక్యము, ఏకగృహవాసము అను మూఁడును వేఱువేఱు విషయములు. వీనిలో జనాభా లెక్క దేనిని గొలిచినదో తెలిసిననే దాని యంకెకు విలువ.

చెన్నపురి రాజధానిలో జనులను లెక్కించుట మొదట పన్నుల వ్యవహారమునకుఁ దోడుగా సాగినది. 1822లో ఆ రాజధాని జనసంఖ్య 1 కోటి 34 లక్షలుగా వ్రాయఁబడెను. 1851-52 మొదలు ఐదేండ్లకొకమాఱు లెక్కలు తీయుట యారంభమయ్యెను. తొలి లెక్క 2 కోట్ల 20 లక్షలు. 1866-67 నాఁటిది 2 కోట్ల 65 లక్షలు. పిదప 1871లో జరిగిన క్రమబద్ధమైన జనపరిగణనమున సంఖ్య 3 కోట్ల 12 లక్షలు దాఁటినది. ఐదేండ్ల లోపల నలువది లక్షలకుఁ బైఁబడి జనులు పుట్టుకచేతనే పెరిగిరనుట యసంభవము. పూర్వపు లెక్కలలోఁ బెక్కండ్రు తప్పిపోయిరనుటయే యుక్తము. లెక్క వెనువెంటఁ బన్ను వచ్చునను భయముగల జనులు తమ యింటివారినందఱను జెప్పకుండుట వింత గాదు. చేతిపనులవారును వర్తకులును మొతర్ఫా పన్ను నిచ్చుచుండిన దినములవి. ఇట్లు మొదటినుండియు అంకెలోని పెరుగుదల వేఱు, జనములోని పెరుగుదల వేఱు.

1881లో హిందూదేశమంతటను ఒక్కనాఁడే లెక్క జరిగెను. అప్పుడు 'ఇల్లు' అనఁగా, ఒకటిగాని యంతకెక్కువగాని కుటుంబములు తమ పరివారముతోను సేవకులతోను వసించుచు, రాజమార్గమునుండి ప్రత్యేకమైన ప్రధానద్వారము గల నివాసము. ఇది స్పష్టముగా గడప లెక్క. తరువాతి లెక్కలలో దేశమందలి పెక్కు ప్రాంతములు మఱియొక నిర్వచనమును గైకొనెను: ఒక్క పొయ్యిపై వండిన యన్నమును గలిసి భుజించు జనులు వసించు కట్టడమో కట్టడములో ఒక యిల్లు. ఇది పొయ్యి లెక్క. ప్రాంతప్రాంతమునకుఁ గొంత భేదమున్నను నడక యీ దిక్కునకే సాగినది.

దేశమంతటికిని సగటున నొక్క యింటిలోని జనులు 1881లో 5.8, 1891లో 5.4, 1901లో 5.2, 1911లో 4.9 అని లెక్కలు చూపినవి. ముప్పది యేండ్లలో నింటికొక్కఁడు తగ్గినట్లు! పాశ్చాత్యవిద్య, ఇనుపదారులు, పట్టణోద్యోగములు, న్యాయస్థానములలోని విభాగపు వ్యాజ్యములు కలిసి సమష్టికుటుంబమును జీల్చినవను వాదమున కీ యంకెలు చక్కఁగా సరిపోవును. కాని యొక లోఁగిలి నూహింపవలెను. మువ్వురన్నదమ్ములు, ఒక్కటే వీధివాకిలి, మూఁడు పొయ్యిలు, పదునేనుగురు జనులు. గడప లెక్కకు ఇది పదునేనుగురుండు ఒక యిల్లు. పొయ్యి లెక్కకు ఐదుగురేసి యుండు మూఁడిండ్లు. ఆ లోఁగిలిలో నెవ్వరును గదలలేదు; ఎవ్వరును గొత్తగా వేఱుపడలేదు. మాఱినది లెక్కవ్రాయువాని చేతిలోని నిర్వచనము మాత్రమే. నిజమైన విభాగములు ఆ కాలమున జరుగలేదని దీని యర్థము గాదు. ఆ యంకెలనుండి వాని పరిమాణమును రాఁబట్టుట సాధ్యము గాదని మాత్రమే.

లెక్క జరిగిన తీరును గూడ గమనింపవలెను. 1931 వఱకును జనపరిగణనము ఒక్క రాత్రి లెక్క. ఆ రాత్రి యెవ్వఁ డెచట నుండెనో యచటనే లెక్కింపఁబడెను. అందుచేతనే వెన్నెల రాత్రులను, తిరునాళ్లును బెండ్లిముహూర్తములును లేని దినములను ఏర్పఱచుచుండిరి. పుట్టినింటికిఁ బురిటికి వచ్చిన కూఁతురు తండ్రి యింటి లెక్కలోఁ జేరును. సంతకుఁ బోయి బండిక్రింద నిద్రించిన గృహస్థు తన యింటి లెక్కనుండి తొలఁగును. 1941 మొదలు ఈ యేకరాత్రపద్ధతి విడువఁబడి, కొన్నిదినముల యవధిలో సాధారణనివాసమును బట్టి లెక్కించుట యేర్పడినది. కావున 1931కిఁ బూర్వపు గృహజనసంఖ్యను దరువాతిదానితోఁ బోల్చునపుడు ఈ భేదమునుగూడ లెక్కలోనికిఁ దీసికొనవలసినదే.

స్వాతంత్ర్యానంతరము ఇల్లును గుటుంబమును వేఱువేఱు పదములైనవి. 1951లో నొకయింట వసించుచు నొక్క వంటఁ దినువారు ఒక కుటుంబముగా నెంచఁబడిరి. 1961 నాఁటికి నిర్వచనము మఱింత నిశితమైనది: సాధారణముగాఁ గలిసి వసించుచు, పనుల యొత్తిడిచే వేఱొకచోట భుజింపవలసి వచ్చిననే తప్ప, ఒక్క వంటశాలయందలి భోజనమునే భుజించువారు ఒక కుటుంబము. ఇందు రక్తసంబంధము నియమము గాదు. బంధువులు గానివారు కలిసి వండుకొన్నను అది కుటుంబమే. అన్నదమ్ములు వేఱుగా వండుకొన్నచో నవి రెండు కుటుంబములు. విద్యార్థివసతిగృహములు, ఆశ్రమములు, కారాగారములు మొదలగువానిలోఁ గలిసి భుజించువారు సంస్థాకుటుంబములుగాఁ బ్రత్యేకింపఁబడిరి. గడపయే లేనివారిని గూడ విడువలేదు. 2011లో ఫిబ్రవరి 28వ తేది రాత్రి గృహహీనుల లెక్క తీయఁబడెను. దేశమంతటను వారు 17 లక్షల 70 వేలకుఁ బైఁబడిరి.

1961 మొదలు నిర్వచనము స్థూలముగా స్థిరపడినది గావున నంకెలను గొంత విశ్వాసముతోఁ బోల్పవచ్చును. 1956లో నేర్పడి, 2014 జూను 2వ తేదిని రెండుగాఁ జీలిన ఆంధ్రప్రదేశరాష్ట్రమునందు 1961లో 3 కోట్ల 59 లక్షల జనులుండిరి. 2001లో 7 కోట్ల 62 లక్షలు. 2011లో 8 కోట్ల 45 లక్షలు. కుటుంబములు 2001లో సుమారు 1 కోటి 70 లక్షలు. 2011లో సుమారు 2 కోట్ల 10 లక్షలు. జనులు పదేండ్లలో నూటికిఁ బదునొకండ్రు పెరుఁగఁగాఁ బొయ్యిలు నాలుగవవంతునకుఁ జేరువగాఁ బెరిగినవి. ఒక్కొక్క పొయ్యిపాలి జనులు నాలుగున్నరనుండి నలుగురికి దిగిరి. దేశపు సగటు 2011లోఁ గూడ ఐదుగురికిఁ జేరువగానే యుండెను.

ఈ మార్పులో సంతానహ్రాసమునకుఁ గొంత పాలు కలదు. జాతీయ కుటుంబారోగ్య పరిశీలనములను బట్టి ఒక్కొక్క స్త్రీకిఁ గలుగు బిడ్డల సగటు ఆంధ్రప్రదేశమున 1992-93లో 2.6, 1998-99లో 2.25, 2005-06లో 1.8. ఆఱేండ్లు నిండని వయసు మొదలు ఆఱేండ్ల వయసు వఱకుఁ గల శిశువులు 2001లో 1 కోటి 1 లక్షకుఁ బైఁబడియుండఁగా 2011లో 91 లక్షలకుఁ దగ్గిరి. మొత్తము జనము 83 లక్షలు పెరిగిన దశకములోనే శిశువులు పది లక్షలు తగ్గిరి. అయినను సంతానహ్రాస మొక్కటియే కారణమైనచో, శిశువులను దీసివైచి చూచినపుడు పొయ్యిల పెరుగుదలయు జనుల పెరుగుదలయు సమానముగా నుండవలెను. అట్లు లేదు. ఆఱేండ్లు దాఁటినవారు 6 కోట్ల 60 లక్షలనుండి 7 కోట్ల 54 లక్షలకు, అనఁగా నూటికిఁ బదునలుగురు మాత్రమే పెరిగిరి. పొయ్యిలు అంతకంటె నధికముగాఁ బెరిగినవి. పెండ్లియీడు వచ్చినవారి పాలు హెచ్చుట కొంత కారణము గావచ్చును. మిగిలినది పొయ్యిలు చీలుటయే. కావున 1881 మొదలు 1911 వఱకుఁ గనఁబడిన తగ్గుదలలో నెంత నిర్వచనముచేఁ గలిగినదో, యెంత నిజమైనదో వేఱుచేయరాదు. 2001 మొదలు 2011 వఱకుఁ గలిగినది మాత్రము నిజమైన మార్పు.

అయినను జీలినది పొయ్యియే గాని కుటుంబమని వెంటనే తీర్మానింపరాదు. తెలంగాణమందలి శామీరుపేట గ్రామమును శోధించి శ్యామాచరణ దుబే 1955లోఁ బ్రకటించిన గ్రంథము, వివాహానంతరము కొలఁది యేండ్లకే కొడుకులు వేఱుకాఁపురములు పెట్టుట యచట నరుదు గాదని చూపినది. పట్టణోద్యోగములు పల్లెలను ముంచివేయని నాఁటి మాట యిది. గృహమును గుటుంబమును ఒకటిగాఁ దలఁచుటయే యీ విషయమునఁ గలిగిన భ్రాంతులకు మూలమని ఏ. ఎం. షా 1970 తరువాతి దశకమున విపులముగా వాదించెను. వేఱు పొయ్యి పెట్టుకొన్న కొడుకు తండ్రి పొలమునే దున్నవచ్చును. పండుగకుఁ దల్లి వంటనే తినవచ్చును. తద్దినమునకు అన్నయింటికే పోవచ్చును.

చట్టము నుండి యొక యుదాహరణము ఈ భేదమును మఱింత స్పష్టపఱచును. ఆంధ్రప్రదేశము 1986లోఁ జేసిన హిందూవారసత్వచట్టపు సవరణ, 1985 సెప్టెంబరు 5వ తేదికి ముందు వివాహిత కాని కూఁతురికిఁ గొడుకుతో సమానముగా సమష్టికుటుంబపుటాస్తిలో జన్మస్వత్వము నిచ్చినది. అటుతరువాత నామె వివాహితయై మెట్టినింటికిఁ బోయినచో, జనాభా లెక్క నామెను అత్తవారి పొయ్యిదగ్గఱ వ్రాయును. చట్టము నామెను బుట్టినింటి దాయాదిగానే యుంచును. ఒక్క మనుష్యురాలే పాకముచే నొక కుటుంబమునకును, ధనముచే మఱియొక కుటుంబమునకును జెందియున్నది. ఈ రెంటిలో నేది యామె కుటుంబమని యడిగినచో లెక్కలపుస్తకమున సమాధానము దొరకదు.

ఇది పదముల వివాదము మాత్రమే గాదు. బియ్యపుఁ గార్డు, ఇంటిస్థలము మొదలగునవి కుటుంబమును బ్రమాణముగాఁ గొని యీయఁబడునవి. కావున నెవరు ఏ కుటుంబమను ప్రశ్న బీదవాని కంచము వఱకు వచ్చును. 2014 ఆగస్టు 19వ తేదిని దెలంగాణ ప్రభుత్వ మొక్కదినమున సమగ్రకుటుంబసర్వే జరుపఁగాఁ బట్టణములలోఁ గాఁపురముండువారు పెక్కండ్రు స్వగ్రామములకుఁ బోయి యచటఁ దమ పేళ్లు వ్రాయించుకొనిరి. పొయ్యి పట్టణమున నున్నను దమ గడప పల్లెయందే కలదని వారి భావము. లెక్క పొయ్యి నడిగినది. జనులు గడపను జూపిరి.

2021లో జరుగవలసిన జనపరిగణనము జరుగలేదు. 2027 మార్చి 1 ప్రమాణకాలముగా రాఁబోవు లెక్క 2025 జూను 16వ తేదిని బ్రకటింపఁబడెను. ఆ యంకెలు వెలువడినపుడు ఆంధ్రతెలంగాణములయందు గృహపరిమాణము నలుగురికంటెను దగ్గినట్లు చూపినచో, పూర్వపు వాదము మరలఁ దలయెత్తకమానదు. అపుడు పరిశోధకులు మొదట నిర్వచనమును, పిదప లెక్కతీసిన తీరును, పిదప సంతానసంఖ్యను బరీక్షించి, కడపట మాత్రమే కుటుంబమును గూర్చి పలుకుట యుచితము. పాఠశాలలలోఁ జరిత్రము బోధించువారును 5.8 మొదలు 4 వఱకు నొక్కటే గీఁతగా గీయక, గడపనాఁటి యంకెలను బొయ్యినాఁటి యంకెలను వేఱు పట్టికలుగాఁ జూపవలెను. ఏకపాకము వేఱు, అవిభాగము వేఱు అని స్మృతికర్తలు నిలిపిన వివేకము జనసంఖ్యాశాస్త్రమునకును బనికివచ్చునదే.