ట్రాంబే తీరాన వెలిగిన నీలికాంతి

ముంబయి మహానగరానికి తూర్పు అంచున, ఒకవైపు కొండ, మరొకవైపు సముద్రపు పాయ నడుమ ట్రాంబే ప్రాంతం నెలకొని ఉంది. ఎదుట నీటి మధ్య ఎలిఫెంటా దీవి. నల్లరాతిని తొలిచి పూర్వశిల్పులు మహేశమూర్తిని మలచిన ఆ దీవికి అభిముఖంగా, ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలంలో భారతదేశం తన ప్రప్రథమ అణు రియాక్టరును నిర్మించుకొన్నది. బొంబాయి నగర నిర్మాణంలో తెలుగువారి చెమట ఎంత కలిసి ఉందో కామాటిపురా పేరే చాటుతుంది. ఆ నగరం ఒడిలో పెరిగిన ఈ విజ్ఞానక్షేత్ర చరిత్ర ఇక్కడి తెలుగు బిడ్డలు తెలిసికోదగినది.

ఈ చరిత్రకు అంకురార్పణ ఒక లేఖతో జరిగింది. 1944 మార్చి 12న డాక్టర్ హోమీ జహంగీర్ భాభా సర్ దొరాబ్జీ టాటా ట్రస్టుకు ఒక లేఖ వ్రాశారు. మౌలిక భౌతికశాస్త్ర పరిశోధనకు ఒక ఉన్నత సంస్థను స్థాపించవలసిందని అందులో కోరారు. మరి రెండు దశాబ్దాలలో అణుశక్తి విద్యుదుత్పత్తికి ఉపయోగపడే నాటికి నిపుణులకోసం మనదేశం పరాయి దేశాల వైపు చూడనక్కరలేదని, వారు స్వదేశంలోనే సిద్ధంగా ఉంటారని ఆయన ఆశించారు. అప్పటికింకా దేశానికి స్వాతంత్ర్యం రాలేదు. ఆ లేఖ ఫలితంగా 1945లో టాటా మౌలిక పరిశోధన సంస్థ ఆవిర్భవించింది. 1948 ఆగస్టులో అణుశక్తి సంఘం ఏర్పడింది. 1954లో ట్రాంబేలో అణుశక్తి సంస్థకు పునాది పడింది.

1955లో ఒక చిన్న పరిశోధక రియాక్టరును స్వయంగా నిర్మించాలని భాభా బృందం నిశ్చయించుకొన్నది. యురేనియం కేంద్రకాన్ని న్యూట్రాన్ తాకినప్పుడు అది రెండుగా చీలి, శక్తితోపాటు రెండు మూడు కొత్త న్యూట్రాన్లను వెలువరిస్తుంది. ఆ న్యూట్రాన్లు మరికొన్ని కేంద్రకాలను చీలుస్తాయి. ఈ శృంఖలాచర్యను మితిమీరకుండా, ఆగిపోకుండా నడిపించడమే రియాక్టరు పని. ట్రాంబేవారు ఎన్నుకొన్నది ఈతకొలను తరహా రియాక్టరు. సుమారు 8 మీటర్ల లోతైన కొలనులో ఇంధన ఫలకాలను పైనుండి వ్రేలాడదీస్తారు. ఆ నీరే న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తుంది, పుట్టిన వేడిని గ్రహిస్తుంది, పైనున్న మనుష్యులకు వికిరణం సోకకుండా అడ్డుగోడగా నిలుస్తుంది. ఒకే నీటితో మూడు పనులు!

ఇంధనాన్ని మాత్రం బ్రిటన్ సరఫరా చేసింది. కట్టడం, యంత్రభాగాల కూర్పు, నియంత్రణ పరికరాలు మనవారివే. నిర్ణయం జరిగిన ఏడాదిన్నర లోపుగానే, 1956 ఆగస్టు 4వ తేదీ మధ్యాహ్నం ఆ రియాక్టరు సజీవమైంది. సోవియట్ భూభాగాన్ని మినహాయిస్తే ఆసియాలో అదే మొట్టమొదటిది. నడుస్తున్న రియాక్టరు చుట్టూ నీటిలో ఒక నీలికాంతి కనిపిస్తుంది. నీటిలో కాంతి ప్రయాణించే వేగాన్ని మించి ఎలక్ట్రాన్లు దూసుకుపోయేటప్పుడు పుట్టే వెలుగది. 1957 జనవరి 20న ట్రాంబే సంస్థను లాంఛనంగా ప్రారంభించిన ప్రధాని నెహ్రూ ఆ రియాక్టరుకు ‘అప్సర’ అని నామకరణం చేశారు. నీటినుండి పుట్టిన సుందరికి తగిన పేరే!

ఈ విజయంలో తెలుగువారి పాలు కూడా ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డులో ఎలక్ట్రానిక్సు అభ్యసించి, భాభా బృందంలో చేరారు. అప్సర నియంత్రణ పరికరాలను ఆయన నాయకత్వాన పనిచేసిన ఎలక్ట్రానిక్సు విభాగం రూపొందించింది. రియాక్టరు నాడిని పట్టి చూపే కొలమానాలను స్వదేశంలోనే తయారుచేయవచ్చునని ఆ విభాగం నిరూపించింది. ఆ అనుభవమే 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థగా ఫలించింది. నేడు భాగ్యనగరంలో ఏ.ఎస్. రావు నగర్ అని పిలువబడే ప్రాంతం ఆయన పేరుమీద వెలసినదే.

యంత్రం కంటె మనిషి ముఖ్యమని భాభా గ్రహించారు. 1957లో ట్రాంబేలో శిక్షణ పాఠశాల ప్రారంభమైంది. దేశం నలుమూలలనుండి విజ్ఞానశాస్త్ర, ఇంజనీరింగు పట్టభద్రులను ఎంపిక చేసి, ఒక ఏడాది శిక్షణ ఇచ్చి పరిశోధనలోనికి దింపే పద్ధతి అక్కడ నెలకొన్నది. ఎక్కడో చిన్న ఊరి కళాశాలలో చదివినవారికి సైతం ఆ ద్వారం తెరుచుకొన్నది. భాభా 1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతాలలో విమాన ప్రమాదంలో దుర్మరణం పాలయ్యారు. మరుసటి ఏడాది ఆ సంస్థకు భాభా అణుపరిశోధన కేంద్రమని పేరుపెట్టారు. నాయకుడు పోయినా పని ఆగకపోవడానికి ఆ శిక్షణ పాఠశాలే ముఖ్యకారణం.

అయితే ఈ చరిత్రను కేవలం విజయగాథగా చెప్పుకొంటే అది అసంపూర్ణమే అవుతుంది. 1960 జూలైలో కెనడా సహాయంతో 40 మెగావాట్ల ‘సైరస్’ రియాక్టరు పనిచేయనారంభించింది. దానికి కావలసిన భారజలాన్ని అమెరికా ఇచ్చింది. శాంతియుత ప్రయోజనాలకే వినియోగించాలన్నది ఒప్పందం. సైరస్‌లో వాడిన ఇంధనంనుండి వేరుచేసిన ప్లుటోనియంతో 1974 మే 18న పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగింది. అది శాంతియుతమైన ప్రయోగమేనని భారత ప్రభుత్వం ప్రకటించింది. కెనడా ఆ వాదనను అంగీకరించలేదు, అణుసహకారాన్ని విరమించుకొన్నది. ఎవరి మాట న్యాయమన్న వాదం నాటినుండి నేటివరకూ తెగలేదు. కాని దాని పర్యవసానం స్పష్టమే. రాజస్థాన్‌లో సగంలో ఆగిన రెండవ విద్యుత్ రియాక్టరును మనవారే పూర్తిచేయవలసి వచ్చింది. అది 1981లో విద్యుదుత్పత్తికి అందివచ్చింది. పరాయి చేయి పట్టుకొని నడిచిన కాలం ముగిసి, పడుతూ లేస్తూ స్వయంగా నడవవలసిన కాలం మొదలైంది.

ఆ పడిలేచిన తీరుకు ‘ధ్రువ’ కథ నిదర్శనం. 100 మెగావాట్ల ఈ రియాక్టరు రూపకల్పన, నిర్మాణం పూర్తిగా స్వదేశీయం. 1985 ఆగస్టు 8న అది సజీవమైంది. కాని ఆనందం ఎంతోకాలం నిలువలేదు. శీతలజల ప్రవాహవేగానికి ఇంధన కట్టలు కంపించి దెబ్బతినసాగాయి. రియాక్టరును పూర్తిశక్తితో నడపడం సాధ్యం కాలేదు. శాస్త్రజ్ఞులు ఆ లోపాన్ని కప్పిపుచ్చలేదు; కంపనానికి కారణాన్ని శోధించి, ఇంధన కట్టల కూర్పును సవరించారు. 1988లో గాని ధ్రువ సంపూర్ణశక్తిని అందుకోలేదు. నాటినుండి దేశంలోని ఆసుపత్రులకు, పరిశ్రమలకు కావలసిన రేడియో ఐసోటోపులకు అది ముఖ్యమైన ఆధారమైంది.

అణువు అనగానే జనసామాన్యం బాంబునే తలచుకొంటుంది. ట్రాంబే పరిశోధన వైద్యశాలకూ, పొలానికీ కూడా చేరిందన్న సంగతి తక్కువమందికి తెలుసు. 1963లో పరేల్‌లో వికిరణ వైద్యకేంద్రం ఏర్పడి, రేడియో అయోడిన్‌తో థైరాయిడ్ రోగులకు చికిత్స అందించసాగింది. వికిరణంతో విత్తనాలలో మార్పులు తెచ్చి, మేలైన మొక్కలను ఎంపిక చేసే పని కూడా ట్రాంబేలో దశాబ్దాలుగా సాగుతున్నది. అలా లభించిన వేరుశనగ రకాలను సంకరం చేసి, అకోలాలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం సహకారంతో రూపొందించిన టి.ఏ.జి.-24 రకం 1991లో విడుదలైంది. పొట్టిగా పెరిగి ఎక్కువ కాయ కాసే ఆ రకం మహారాష్ట్రలోనే గాక ఆంధ్రప్రదేశ్ రైతుల చేలలోనూ పాతుకొన్నది. తన పొలంలోని వేరుశనగకు ట్రాంబేతో చుట్టరికముందని ఎరిగిన రైతులు ఎందరుంటారు?

కాలం ఎవరికోసమూ ఆగదు. అర్ధశతాబ్దానికి పైగా సేవచేసిన అప్సర 2009లో విశ్రమించింది. సైరస్ 2010 డిసెంబరు 31న శాశ్వతంగా మూతపడింది. 2018 సెప్టెంబరు 10న నవీకరించిన అప్సర తిరిగి ప్రాణం పోసుకొన్నది. తొలినాటి అప్సర సామర్థ్యం ఒక మెగావాటు, దీనిది రెండు. ఆనాడు ఇంధనం బ్రిటన్‌నుండి వచ్చింది. ఈనాడు దాని ఇంధన ఫలకాలు స్వదేశంలోనే తయారైనవి. 1944 నాటి లేఖలోని ఆశ ఎంతవరకు నెరవేరిందో కొలవడానికి ఈ ఒక్క వ్యత్యాసం చాలు.

ఏ మహాప్రయోగశాలకైనా తొలిమెట్టు పాఠశాలలోని చిన్న ప్రయోగశాలే. బల్లమీద పరీక్షనాళిక పట్టుకొన్న బాలిక, అయస్కాంతం చుట్టూ ఇనుపరజను ఏర్పరచిన గీతలను చూసి ఎందుకిలా జరిగిందని అడిగే బాలుడు ఆ మెట్టుమీదనే నిలిచి ఉన్నారు. మోగల్లు అనే చిన్న ఊరిలో పుట్టిన పిల్లవాడు అప్సర నాడిని పట్టగలిగినప్పుడు, తెలుగులో పాఠం విన్న విద్యార్థికి అందనిదేదీ లేదు. కావలసినది రెండే: ప్రశ్నించే బుద్ధి, తప్పును ఒప్పుకొని దిద్దుకొనే ధైర్యం. మొదటిదానికి అప్సర సాక్షి. రెండవదానికి ధ్రువ సాక్షి.