రెండో సినిమా ఎప్పుడు?

అమెరికాలో ఆఫ్రికన్ అమెరికన్ దర్శకుల గురించి రాసేవాళ్ళు చాలామంది ఒకే పద్ధతి పాటిస్తారు. మొట్టమొదట సినిమా తీసినది ఎవరు, పెద్ద స్టూడియోకి మొదట పనిచేసినది ఎవరు, ఆస్కార్ నామినేషన్ మొదట అందుకున్నది ఎవరు అంటూ "మొదటి"వాళ్ళ జాబితా ఒకటి తయారుచేస్తారు. ఆ జాబితాలో అబద్ధమేమీ లేదు. కానీ రోజంతా కంప్యూటర్ ప్రోగ్రాములతో కుస్తీ పట్టే నాకు, తేదీల వరస కనబడితే చాలు, వాటి మధ్య ఖాళీలు లెక్కపెట్టే అలవాటుంది. ఈ చరిత్రలో ఆ ఖాళీలే ఎక్కువ చెబుతాయని నా అభిప్రాయం. మొదటి సినిమా తీసిన మనిషికి రెండో సినిమా ఎప్పుడు దొరికింది? ఈ వ్యాసంలో నేను అడిగేది ఆ ఒక్క ప్రశ్నే.

ముందుగా ఆస్కార్ మిషో సంగతి చెప్పుకోవాలి. 1884లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టిన మిషో, సౌత్ డకోటాలో సేద్యం చేశాడు. తన అనుభవాలనే నవలలుగా రాసి ఇంటింటికీ తిరిగి అమ్ముకున్నాడు. 1917లో వచ్చిన ఆయన నవల 'ది హోమ్‌స్టెడర్'ని సినిమాగా తీస్తామని లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీ అనే నల్లజాతి సంస్థ ముందుకొచ్చింది. దర్శకత్వం తనకే కావాలని ఆయన పట్టుబట్టడంతో బేరం కుదరలేదు. వాటాలు అమ్మి డబ్బు పోగుచేసి 1919లో తనే తీశాడు. మరుసటి ఏడాది వచ్చిన 'వితిన్ అవర్ గేట్స్'లో నల్లవారిని మూక ఉరితీసే ఘట్టం ఉంది. షికాగో సెన్సారు బోర్డు దానికి మొదట అడ్డుపడింది. తర్వాత ఆ సినిమా దశాబ్దాలపాటు ఎక్కడా దొరకలేదు. చివరికి స్పెయిన్‌లో ఒక ప్రింటు బయటపడితే, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1993లో దాన్ని బాగుచేయించింది.

మిషో 1948 దాకా నలభైకి పైగా సినిమాలు తీశాడు. ఆయనకి రెండో సినిమా ఎలా దొరికిందంటే, ఎవరినీ అడగనక్కర్లేదు కనుక. నిర్మాత ఆయనే, పంపిణీదారు ఆయనే, రీళ్ళు పట్టుకుని ఊరూరా తిరిగి థియేటర్ల వాళ్ళతో మాట్లాడుకున్నదీ ఆయనే.

ఇతరులని అడిగి సంపాదించుకోవలసిన వాళ్ళ కథ వేరు. 'ది హోమ్‌స్టెడర్' వచ్చిన సరిగ్గా యాభై ఏళ్ళకి, అంటే 1969లో గానీ ఒక పెద్ద హాలీవుడ్ స్టూడియో ఆఫ్రికన్ అమెరికన్ దర్శకుడి చేతికి సినిమా అప్పగించలేదు. అది గోర్డన్ పార్క్స్ తీసిన 'ది లర్నింగ్ ట్రీ'. అప్పటికే ఆయన లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫరుగా పేరు మోసినవాడు, ఆ కథకి మూలమైన నవల రాసినవాడు, వయసు యాభై ఆరు. మెల్విన్ వాన్ పీబుల్స్ అయితే అమెరికాలో దారి దొరక్క ఫ్రాన్సు వెళ్ళి అక్కడ మొదటి సినిమా తీశాడు. 1967లో శాన్ ఫ్రాన్సిస్కో చలనచిత్రోత్సవానికి అది ఫ్రాన్సు తరఫున వచ్చింది!

దీనికి స్టూడియో యజమానుల దురభిప్రాయం ఒక్కటే కారణం అనుకుంటే పొరపాటు. హాలీవుడ్‌లో చాలా ఉద్యోగాలకి అనుభవజ్ఞుల జాబితాలు ఉండేవి. జాబితాలో పేరుంటేనే పని, పని చేసి ఉంటేనే జాబితాలో పేరు. ప్రోగ్రాములు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ రెండూ నిలిచిపోతే మేం డెడ్‌లాక్ అంటాం. మన పెద్దవాళ్ళు ఇంకా చక్కగా చెప్పారు: పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. 1964 పౌరహక్కుల చట్టం కింద ఏర్పడ్డ సమాన ఉద్యోగావకాశాల కమిషన్ 1969లో లాస్ ఏంజిలిస్‌లో విచారణ జరిపి ఈ వ్యవహారాన్ని బయటపెట్టింది.

1983లో డైరెక్టర్స్ గిల్డ్ మరో అడుగు వేసింది. స్త్రీలకీ మైనారిటీలకీ పని ఇవ్వడం లేదని వార్నర్ బ్రదర్స్, కొలంబియా సంస్థల మీద దావా వేసింది. 1985లో న్యాయమూర్తి పమేలా రైమర్ ఇచ్చిన తీర్పు ఆలోచింపజేస్తుంది. గిల్డ్ సొంత పద్ధతులు, ఒప్పందాలు కూడా ఈ సమస్యలో భాగమే గనక, బాధితులందరి తరఫున అది వాదించడం కుదరదన్నారు. దర్శకుడు తనకి తెలిసిన మనిషినే సహాయకుడిగా పెట్టుకుంటాడు, ఆ సహాయకుడే రేపు పైకొస్తాడు. ఇందులో ఎవరూ ఎవరినీ ద్వేషించనక్కర్లేదు. తెలిసినవాళ్ళని పిలుచుకుంటూ పోతే చాలు, తెలియనివాళ్ళు బయటే ఉండిపోతారు.

1991 ఒక పండగ సంవత్సరం. జాన్ సింగిల్టన్ 'బాయ్జ్ ఎన్ ద హుడ్' తీసి, ఇరవై నాలుగేళ్ళకే ఆస్కార్ ఉత్తమ దర్శకుడి నామినేషన్ పొందాడు. ఆ గౌరవం దక్కిన మొదటి నల్లజాతీయుడు ఆయనే. అదే ఏడు జూలీ డాష్ తీసిన 'డాటర్స్ ఆఫ్ ద డస్ట్' సండాన్స్‌లో ప్రదర్శించారు. దేశవ్యాప్తంగా థియేటర్లలో విడుదలైన సినిమాల్లో ఒక ఆఫ్రికన్ అమెరికన్ మహిళ దర్శకత్వం వహించిన మొదటి కథాచిత్రం అదే. 2004లో దాన్ని జాతీయ చలనచిత్ర భాండాగారంలో చేర్చారు కూడా.

మరి రెండోది? జూలీ డాష్ 2002లో 'ద రోజా పార్క్స్ స్టోరీ' లాంటి మంచి టీవీ చిత్రాలు తీసింది గానీ, థియేటర్ల కోసం మరో పెద్ద కథాచిత్రం తీసే అవకాశం ఏళ్ళ తరబడి రాలేదు. 1994లో 'ఐ లైక్ ఇట్ లైక్ దట్'తో పెద్ద స్టూడియోకి పనిచేసిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ మహిళగా పేరొందిన డార్నెల్ మార్టిన్, 'కాడిలాక్ రికార్డ్స్' తీసేసరికి 2008 వచ్చింది. 1997లో 'లవ్ జోన్స్' తీసిన థియొడోర్ విచర్‌కి రెండు దశాబ్దాలు దాటినా మరో కథాచిత్రం దొరకలేదు. ప్రతిభ లేదనడానికి వీల్లేదు, మొదటి సినిమాలు సాక్ష్యంగా ఉన్నాయి.

ఈ పీటముడి కొంతైనా విప్పినది టీవీ. అమెరికన్ టీవీ సీరియల్‌లో ఒక్కో ఎపిసోడ్‌కి ఒక్కో దర్శకుణ్ణి పిలుస్తారు, వారం పదిరోజుల్లో చిత్రీకరణ ముగుస్తుంది. మొదటి ఎపిసోడ్ ఇచ్చేవాళ్ళుంటే రెండోది, మూడోది వాటంతటవే వస్తాయి. ఆ మొదటిది ఇచ్చే పని ఏవా డువర్నే తలకెత్తుకుంది. సినిమా ప్రచారకర్తగా జీవితం మొదలుపెట్టిన ఈమె, 2016లో మొదలైన 'క్వీన్ షుగర్'కి ఏడు సీజన్లలోనూ మహిళా దర్శకులనే తీసుకుంది. వాళ్ళలో చాలామందికి టీవీ సీరియల్ అదే మొదటిసారి. 2017లో అక్కడ దర్శకత్వం వహించినవాళ్ళలో జూలీ డాష్ ఉంది! అక్కడే పనిచేసిన విక్టోరియా మహోనీని జె. జె. ఏబ్రమ్స్‌కి డువర్నే సిఫార్సు చేస్తే, 2019లో వచ్చిన స్టార్ వార్స్ చిత్రానికి ఆమె సెకండ్ యూనిట్ దర్శకురాలైంది. 2011లో మొదటి సినిమా తీసిన మహోనీ దర్శకత్వంలో 'ది ఓల్డ్ గార్డ్ 2' వచ్చినది 2025లో. మొదటిదానికీ దానికీ మధ్య పద్నాలుగేళ్ళు!

రాయన్ కూగ్లర్ విషయంలో ఆ ఖాళీ రెండేళ్ళకి తగ్గింది: 2013లో 'ఫ్రూట్‌వేల్ స్టేషన్', 2015లో 'క్రీడ్'. 2025లో వచ్చిన 'సిన్నర్స్' హక్కులు ఇరవై ఐదేళ్ళ తర్వాత తనకే తిరిగొచ్చేలా ఒప్పందం చేసుకున్నాడు. మిషో పట్టుదల గుర్తొస్తుంది. నా మట్టుకు ఇంతకంటే పెద్ద మార్పు నియా డకోస్టా విషయంలో కనిపిస్తుంది. 2023లో ఆమె తీసిన 'ది మార్వెల్స్' ఆ సంస్థ సినిమాలన్నిటిలోకీ తక్కువ వసూళ్ళు చేసింది. అయినా 2025లో ఆమె 'హెడ్డా' వచ్చింది. గెలిచినవాడికి మళ్ళీ అవకాశం ఇవ్వడంలో గొప్పేముంది? ఒకసారి దెబ్బతిన్నాక కూడా పని దొరికితేనే సమానత్వం వచ్చిందనుకోవాలి.

మనకెందుకీ గొడవ అని కొందరికి అనిపించవచ్చు. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పాత పద్ధతిని రద్దుచేసిన 1965 వలస చట్టం, పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన వాతావరణంలో పుట్టింది. మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఇంతమంది ఈ దేశం రాగలిగారంటే ఆ పుణ్యమే. ఉద్యోగంలో మన రంగు చూసో, యాస వినో వివక్ష చూపితే ఫిర్యాదు చేసుకోవలసినది కూడా పైన చెప్పిన ఆ కమిషన్‌కే.

పైగా మనం ఇప్పుడు బల్లకి అవతలి వైపు కూర్చున్నాం. ఇంటర్వ్యూలు చేసేది మనమే, "మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడిగితే పేర్లు చెప్పేదీ మనమే. మనం చెప్పే పేర్లు ఎక్కువగా మన కాలేజీవో, మన ఊరివో అయి ఉంటాయి. 1985 నాటి ఆ తీర్పు హాలీవుడ్ గురించే ఇచ్చినా, మన ఆఫీసులకీ వర్తిస్తుంది. ఈసారి ఎవరైనా పేరు అడిగినప్పుడు, మన పరిచయాలకి ఆవల ఉన్న మనిషి పేరు ఒక్కటైనా కనుక్కుని చెబుదాం. ఉద్యోగం వచ్చాక ఆ మనిషికి రెండో ప్రాజెక్టు దొరికిందో లేదో కూడా చూద్దాం.